ఇల్లు కట్టినవాళ్లు, ఇంటి పక్కన నిలిచినవాళ్లు

పటాన్‌చెరు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద కోకాపేట వైపు వెళ్తుంటే కొల్లూరు దగ్గర వరుసగా ఎత్తైన భవనాలు కనిపిస్తాయి. మొత్తం 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. 2023 జూన్ 22న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు వాటిని ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. ఒక హాలు, రెండు పడకగదులు, వంటగది, రెండు బాత్రూములు. లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. హైదరాబాద్ బస్తీల్లో రేకుల కింద బతికిన కుటుంబాలకు కంప్యూటర్ లాటరీ తీసి వీటిని కేటాయించారు.

ఇది సర్కారు కట్టిన ఊరు. ఇంత పెద్ద ఎత్తున పేదలకు ఇళ్లు కట్టడం ప్రభుత్వానికే సాధ్యం. అయితే ప్రభుత్వాలు ఈ పనిని గట్టిగా తలకెత్తుకోక ముందే తెలుగునేల మీద మరికొందరు దీన్ని మొదలుపెట్టారు. వాళ్లు దేవుడి పేరు చెప్పుకుని వచ్చినవాళ్లు. మిషన్లు, ఆశ్రమాలు, ట్రస్టులు. కట్టింది కొద్ది ఇళ్లే. కానీ తాళాలు చేతికిచ్చి వెళ్లిపోలేదు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. ఆ ఉండటంలో మేలూ జరిగింది, కీడూ జరిగింది. కొల్లూరు లాంటి చోట ఇప్పుడు కావలసిందేమిటో తెలియాలంటే ఆ రెండూ తెలియాలని నా నమ్మకం.

భక్తి కొద్దీ పరాయివాళ్లకు నీడ ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. యాత్రాస్థలాల్లో సత్రాలు కట్టించినవాళ్లు ఊరూరా ఉన్నారు. హైదరాబాద్ సంస్థానం నుంచి హజ్‌కు వెళ్లేవాళ్ల కోసం మక్కాలో ఏర్పాటైన నిజాం రుబాత్‌లో ఈనాటికీ మన యాత్రికులకు ఉచితంగా బస దొరుకుతోంది. కానీ సత్రమైనా రుబాత్ అయినా నాలుగు రోజుల మజిలీయే. నిరుపేద జీవితాంతం ఉండటానికి ఇల్లు ఇచ్చిన పాత ఉదాహరణ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉంది. యాకబ్ ఫుగ్గర్ అనే క్యాథలిక్ వర్తకుడు 1521లో స్థాపించిన ఫుగ్గరై కాలనీ అది. అక్కడ ఇప్పటికీ ఇంటి అద్దె ఏడాదికి 0.88 యూరో. దాంతోపాటు ఫుగ్గర్ కుటుంబం కోసం రోజుకు మూడు ప్రార్థనలు చేయాలి. ఇల్లు ఇచ్చినవాడు బదులుగా ఏదో ఒకటి కోరడం ఈ చరిత్ర పొడవునా ఉంది. ఆగ్స్‌బర్గ్‌లో కోరింది ప్రార్థన. మన దగ్గర ఒకచోట అంతకంటే చాలా ఎక్కువే కోరారు.

ఆ చోటు స్టూవర్టుపురం. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకల కుటుంబాలకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊళ్లు తిరిగే వ్యాపారం రైళ్లూ ఉప్పు చట్టాలూ వచ్చాక దెబ్బతింటే, వాళ్ల సంచారమే నేరమైపోయింది. వాళ్లను ఒకచోట కుదురుగా ఉంచే బాధ్యతను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ సంస్థను భారతదేశానికి తెచ్చిన బూత్ టక్కర్, ఐసీఎస్ ఉద్యోగం వదిలి కాషాయం కట్టి చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. 1913లో బాపట్ల, చీరాల మధ్య ఊరు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు.

ఆ ఊళ్లో ఇళ్లకు స్థలం ఇచ్చారు, సాగుకు భూమి చూపించారు, బడి పెట్టారు, దవాఖానా తెచ్చారు. పునరావాసం అనగానే మనం ఈనాడు రాసుకునే జాబితాలో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి. వాటితోపాటు హాజరు పట్టీ కూడా ఉంది. పిలిచినప్పుడు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి, లేకపోతే శిక్ష. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కూలీలు కావాల్సి వచ్చినప్పుడు ఈ ఊరి ఆడవాళ్లను, మగవాళ్లను అక్కడి పనికి పంపారు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన తన పుస్తకంలో ఈ వ్యవహారాన్ని పత్రాలతో సహా బయటపెట్టారు. సంస్కరణ అని పేరు పెట్టిన దాంట్లో ఎంత భాగం కారాగారం, ఎంత భాగం చవక కూలీల సరఫరా అన్నది ఆమె రాసింది చదివితే తెలుస్తుంది. మిషన్ వాళ్లలో నిజంగా ప్రేమతో పనిచేసినవాళ్లు ఉండి ఉంటారు, కాదనను. అయినా మనిషికి ఇల్లు ఇచ్చి గడప దాటే హక్కు తీసుకున్నారు. దాన్ని నేను సేవ అనలేను.

చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు. ఆ ఊరి పేరు వినగానే దొంగలనే తలచే అలవాటు మన సినిమాల్లో నిన్నమొన్నటి దాకా సాగింది. 1970లలో ఆ ఊరి మనుషుల పక్కన వచ్చి నిలబడిందెవరో చెప్పుకోవాలి. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలత లవణం వెళ్లారు. హేమలత మహాకవి జాషువా కూతురు. జైళ్లలో ఉన్నవాళ్లతో మాట్లాడి, పిల్లల చదువు మీద, బతుకుతెరువు మీద వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. దేవుడి పేరున మొదలైన కాలనీలో మనుషుల గౌరవాన్ని నిలబెట్టే పని నాస్తికుల చేతుల మీదుగా జరిగింది. విశ్వాసం మీద నడిచే సంస్థలన్నీ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కనిపిస్తుంది. స్కాట్లాండ్ నుంచి 1907లో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌లో పనిచేసేవారు. కుష్ఠు సోకినవాళ్లను ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టే కాలం అది. మందు సంగతి తర్వాత, ముందు తల దాచుకోవడానికి చోటు కావాలి. ఆ చోటు కోసం డబ్బు ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. రాజ్యం ముస్లిం పాలకుడిది, డాక్టరమ్మ క్రైస్తవురాలు, దాత హిందువు. 1915 నాటికి డిచ్‌పల్లి కేంద్రం తయారైంది. 1920లలో చాల్‌ముగ్రా జాతి నూనెతో సూదిమందు ఇచ్చే పద్ధతి రాగానే జబ్బు నయమవుతుందన్న ఆశ పుట్టి, రోగులు దూరదూరాల నుంచి రావడం మొదలైంది.

నయమయ్యాక ఎక్కడికి వెళ్లాలి? కుష్ఠు కాలనీల చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వేళ్లు పోయిన చేతులతో తిరిగి వెళ్తే ఊరు రానివ్వదు, సొంతవాళ్లు తలుపు తియ్యరు. అందుకే ఆస్పత్రి కాస్తా ఊరైంది. పొలం, పనిశాలలు, ప్రార్థన మందిరం, ఒకరికొకరు తోడు అన్నీ ఒకేచోట. ఇల్లూ వైద్యమూ పనీ కలిపి ఇచ్చే ఇలాంటి ఏర్పాటుకు ఈనాడు ప్రపంచమంతా విధానాలు రాస్తోంది, శిక్షణలు ఇస్తోంది. అమెరికాలో క్యాథలిక్ సన్యాసినులు 1981లో మొదలుపెట్టిన మెర్సీ హౌసింగ్ సంస్థ, తక్కువ అద్దె ఇళ్లతోపాటు అద్దెకున్నవాళ్ల చదువు, ఆరోగ్యం, డబ్బు లెక్కలు చూసే మనుషులను కూడా ఆ భవనాల్లోనే పెడుతుంది. డిచ్‌పల్లి ఆ పని అంతకు అరవై ఏళ్ల ముందే చేసింది.

అదే పరంపర హైదరాబాద్ అంచుకూ వచ్చింది. 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం వెలిసింది. వనపర్తి సంస్థానం కోడలు రాణి కుముదినీ దేవి, తన గురువు రుషీకేశ్ స్వామి శివానంద పేరున దాన్ని స్థాపించారు. తర్వాత ఆమె హైదరాబాద్ మేయరయ్యారు, శాసనసభకు వెళ్లారు. ఎన్ని పదవులున్నా ఆమెను తలచుకోవలసింది ఈ కేంద్రంతోనే. అప్పట్లో కూకట్‌పల్లి ఊరికి దూరంగా ఉన్న పల్లె. రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు నగరం పాకుతూ పోతే ఇప్పుడా కేంద్రం నగరం నడిబొడ్డున పడింది.

కోస్తాలో ఈ కథను మలుపు తిప్పింది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10 వేల ప్రాణాలు పోయాయి. గుడిసెలు మిగలలేదు. రామకృష్ణ మిషన్, చర్చిల ఉమ్మడి సేవా సంస్థ కాసా, ఆర్‌ఎస్‌ఎస్ స్వచ్ఛంద సేవకులు, ఇంకా ఎన్నో సంస్థలు తలా కొన్ని ఊళ్లు పంచుకుని పక్కా ఇళ్లు కట్టడానికి దిగాయి. శవాలను తీసినవాళ్లే తర్వాత పునాదులు తవ్వారు. మామూలు రోజుల్లో బడిగా, తుఫాను రోజున ఆశ్రయంగా పనికొచ్చే షెల్టర్లు తీరం వెంట అప్పుడే లేచాయి. ఆ ఉప్పెన తర్వాత పేదల ఇంటికి గాలివానకు నిలిచే గోడా కప్పూ ఉండాలన్న ఆలోచన ప్రభుత్వంలో బలపడింది. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది.

ఇక ఖమ్మం. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ పేరు ఇవాళ ప్రపంచమంతా తెలుసు, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకున్న ఫొటోలు అందరూ చూశారు. భారతదేశంలో ఆ సంస్థ తొలి అడుగు 1983లో మన ఖమ్మంలో పడిందన్న సంగతి మాత్రం తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. జార్జియా రాష్ట్రంలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి బతకాలని 1942లో క్లారెన్స్ జోర్డన్ అనే బాప్టిస్టు పండితుడు పెట్టిన వ్యవసాయ క్షేత్రంలో దీని మూలాలున్నాయి. ఆస్తి అమ్ముకుని అక్కడికి చేరిన మిలార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాలోని జైర్‌లో మూడేళ్లు ఇళ్లు కట్టించి వచ్చి, 1976లో సంస్థ స్థాపించారు.

పేదవాడికిచ్చే అప్పు మీద వడ్డీ తీసుకోకూడదన్న బైబిల్ నియమం వాళ్లకు పునాది. ఇల్లు ఉచితం కాదు. లాభం చూసుకోకుండా, వడ్డీ లేకుండా, చిన్న చిన్న వాయిదాల్లో ఇంటి ఖరీదు తిరిగి కట్టాలి. ఆ డబ్బు ఇంకొకరి ఇంటికి వెళ్తుంది. కట్టేటప్పుడు కుటుంబం కూడా ఇటుక మోయాలి, నీళ్లు పట్టాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇల్లు పొందినవాడు చెయ్యి చాచినవాడిగా మిగలకపోవడం. అతని వాయిదాతోనే పక్కింటి పునాది పడుతుంది. దీని ఇబ్బందీ స్పష్టమే. నెల నెలా వాయిదా కట్టగలిగినవాడికే అది అందుతుంది, అంతకంటే కింద ఉన్నవాడికి అందదు. ఉచితంగా ఇచ్చే కొల్లూరు ఇల్లు ఆ కింది మనిషికి అందుతుంది. ఆ ఘనతను ప్రభుత్వానికి ఇచ్చి తీరాలి.

అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ చేసిన పని మరో రకం. జెసూట్ గురువుగా ఈ దేశం వచ్చి, ఆ సంఘం వదిలి, మతంతో నిమిత్తం లేని గ్రామీణాభివృద్ధి సంస్థను నిలిపాడు. దళితవాడల్లో వేల ఇళ్లు లేచాయి. బడి, ఆస్పత్రి, నీటి కుంట, ఇల్లు ఒకే చేతి మీదుగా రావడం ఆ సంస్థ పద్ధతి. 2009లో ఆయన పోయినప్పుడు ఆ జిల్లా పల్లెలు ఏడ్చిన తీరు అందరికీ గుర్తే.

ఆ తర్వాత కాలం మారింది. 1985లో ఇందిరా ఆవాస్, 2006లో ఇందిరమ్మ, 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీతో రెండు పడకగదుల పథకం. ఇళ్ల సంఖ్య లక్షల్లోకి వెళ్లింది. విదేశీ విరాళాల చట్టం 2010లో, మళ్లీ 2020లో బిగిసింది. ఒక సంస్థ తెచ్చిన డబ్బును మరో సంస్థకు పంచడం ఆగిపోయింది. ధార్మిక సంస్థలు గోడలు కట్టే పని నుంచి చాలావరకు తప్పుకున్నాయి.

కొల్లూరు ఉన్న ఈ పటాన్‌చెరు ప్రాంతానికి వసతి చరిత్ర వేరే ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ తన ఉద్యోగులకు టౌన్‌షిప్ కట్టింది. 1972లో వచ్చిన ఇక్రిశాట్ క్షేత్రం కోసం కాచిరెడ్డిపల్లి, మన్మూల్ గ్రామాలు చోటు మారాయి. పారిశ్రామికవాడలో పనిచేసే బిహార్, ఒడిశా కూలీలు మాత్రం ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుని అద్దెకుంటారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల పరిశ్రమ పేలి 50 మందికి పైగా పోయారు. వారిలో ఎందరో ఇలా వచ్చినవాళ్లే. కొల్లూరు ఇళ్లలో వీళ్లకు వాటా లేదు, అవి నగర బస్తీల వాళ్లవి. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఏ సంస్థయినా కొత్తగా గోడ కడితే, ముందు కట్టవలసింది ఈ కూలీల కోసం చవక అద్దె గదులు.

కొల్లూరులో గోడలు ఉన్నాయి. గోడలయ్యాక జరిగేదాన్ని దగ్గర నుంచి చూడాలి. నగరం నడిమధ్య తోపుడు బండి మీద పళ్లమ్మిన మనిషికి పదో అంతస్తులో ఇల్లు వచ్చింది. బండి లిఫ్టులో ఎక్కదు. కింద పెడితే రాత్రి కాపలా ఎవరు? పాత గిరాకీ 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. అతని భార్య పాచిపనికి వెళ్లే నాలుగిళ్లు నడక దూరంలో ఉండేవి, ఇప్పుడు రెండు బస్సులు మారాలి. లాటరీ కాబట్టి పాత బస్తీలో చేబదులు ఇచ్చే పొరుగు, పిల్లను చూసే పెద్దమ్మ వేరే కాలనీకి పడ్డారు. లిఫ్టు ఆగితే ఎవరు బాగు చేయించాలో, నెలకు తలా ఎంత వేసుకోవాలో చెప్పే పెద్దమనిషి బ్లాకులో ఇంకా తయారు కాలేదు. ఇవి ఇంజినీరు తీర్చేవి కావు. పక్కన మనిషి ఉంటే తీరతాయి.

సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురంలో చర్చి సంఘాలున్నాయి, మసీదు కమిటీలున్నాయి, గుడి ట్రస్టులున్నాయి, భజన మండళ్లున్నాయి. లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతున్న పరిశ్రమలూ ఇక్కడే ఉన్నాయి. వాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఇంకో కమాను, ఇంకో కల్యాణ మండపం కట్టే ముందు కొల్లూరులో ఒక్కో బ్లాకును ఒక్కో సంస్థ తీసుకోండి. పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసే గది, సాయంత్రం బడి పాఠాలు, వారానికి ఒక రోజు డాక్టరు, పింఛను కాగితాలు రాసిపెట్టే ఒక మనిషి. ఇంతే చాలు. మతం అడగకండి, హాజరు తీసుకోకండి. అయిదేళ్లు ఉంటామని మాటిచ్చి ఉండండి.