పిండి మూటతో బయలుదేరిన చదువు



తెల్లవారుజామున కడంబత్తూరు రైల్వే స్టేషన్‌లో ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. జేబులో సీజన్ టికెట్టు, సంచిలో అన్నం డబ్బా పెట్టుకుని, చెన్నై వైపు పోయే లోకల్ బండి కోసం కాచుకున్న కాలేజీ పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ దారిన మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. అప్పటి నుంచి మన పల్లెల్లో చదువు అంటే రైలెక్కి పోయేదే.

ఈ మధ్య మా పాత విద్యార్థి ఒకడి తండ్రి నా దగ్గరికి వచ్చాడు. "సార్, మావాడికి అబెర్డీన్‌లో సీటొచ్చిందంట. అదెక్కడుంది? అక్కడ పిల్లకాయలు ఎట్లుంటారు, ఏం తింటారు?" అని అడిగాడు. ఫీజు కోసం పొలం కుదవ పెట్టాలనుకుంటున్నాడు. అతనికి జవాబు చెబుదామని పుస్తకాలు తిరగేస్తే, ఆ కథ తిరిగి తిరిగి మన తిరుత్తణి దగ్గరికే వచ్చింది. దాన్నే ఈరోజు మీతో పంచుకుంటాను.

అబెర్డీన్ స్కాట్లండు ఈశాన్య తీరాన, ఉత్తర సముద్రం ఒడ్డున ఉంది. ఊళ్లో పెద్ద కట్టడాలు చాలావరకు బూడిదరంగు గ్రానైటు రాతివి. డిసెంబరు నెలలో అక్కడ సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక కనిపించి, మధ్యాహ్నం మూడున్నరకంతా అస్తమిస్తాడు. ఆ చలిలో, ఆ చీకటిలో 1495లో బిషప్ విలియం ఎల్ఫిన్‌స్టన్ కింగ్స్ కాలేజీని స్థాపించారు. 1593లో జార్జి కీత్ అనే ప్రభువు మార్షల్ కాలేజీ పెట్టారు. రెండూ పట్టాలిచ్చే విశ్వవిద్యాలయాలే. ఇంగ్లండు దేశం మొత్తానికి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అని రెండే ఉన్న కాలంలో, ఈ ఒక్క ఊళ్లోనే రెండుండేవి. 1860లో వాటిని కలిపి ఒకటి చేశారు.

ఇంత చిన్న ఊళ్లో ఇన్ని చదువులు ఎవరికోసం? చుట్టుపక్కల సేద్యం చేసుకునే వాళ్ల పిల్లల కోసం. చిన్న రైతు కొడుకు, వడ్రంగి కొడుకు, బడిపంతులు కొడుకు పద్నాలుగు, పదిహేనేళ్లకే అక్కడికి వచ్చేవారు. వాళ్ల రాకకు దారి చేసింది 'బర్సరీ పోటీ' అనే పరీక్ష. బర్సరీ అంటే విద్యార్థి వేతనం. దాతల వంశం వాళ్లకే కేటాయించినవి కొన్ని ఉన్నా, తక్కినవాటికి పిల్లలందరూ కలిసి కూర్చుని లాటిన్ భాషలో పరీక్ష రాసేవారు. వరుసలో ముందున్నవాడికి డబ్బు దొరికేది. దొరకనివాళ్లలో ఎంతోమంది మళ్లీ నాగలి పట్టుకోవలసిందే.

ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది 'డోరిక్' అనే తమ సీమ యాస. తరగతిలో వినేది ఇంగ్లీషు. పరీక్ష రాసేది లాటిన్. మన సరిహద్దు పిల్లలకు ఈ అవస్థ కొత్తగా చెప్పాలా?

మరి ఆ పల్లెటూరి పిల్లలకు లాటిన్ నేర్పింది ఎవరు? ఊరి బడిపంతులే. ఇక్కడొక సంగతి మీరు గమనించాలి. జేమ్స్ డిక్ అనే వర్తకుడు వెస్టిండీసుకు పోయి సంపాదించిన సొమ్మును పల్లె బడి ఉపాధ్యాయుల కోసం రాసి 1828లో కన్నుమూశారు. 1833 నుంచి ఆ నిధి అబెర్డీన్, బాంఫ్, మోరే అనే మూడు సీమల్లో యోగ్యులైన పంతుళ్లకు జీతం మీద అదనంగా డబ్బిచ్చింది. బానిసల చెమట మీద నడిచిన ద్వీపాల్లో పుట్టిన సొమ్ము అది. ఆ మాట దాచకూడదు. అయినా, పట్టా ఉన్న మనిషి పల్లె బడిని వదిలిపోకుండా నిలబెట్టింది ఆ నిధే. విశ్వవిద్యాలయానికి తలుపు పట్నంలో ఉన్నా, తాళంచెవి పల్లె పంతులు చేతిలో ఉండేది.

ఇక తిండి, పడక. విద్యాసంవత్సరం నవంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగిసేది. ఎండాకాలమంతా పొలం పనికి కావాలి కదా! పిల్లవాడు ఒక చెక్కపెట్టెలో ఓట్స్ పిండి నింపుకుని వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది అద్దెకు తీసుకునేవారు. ఆ పిండిని జావ కాచుకుని తాగి, దాని బలంతోనే చలికాలం గడిపేవారు. తరగతికి మాత్రం ఎర్రని గౌను వేసుకుని పోవాలి. మొదటి ఏడువాడిని 'బేజన్' అనీ, చివరి ఏడువాడిని 'మాజిస్ట్రాండ్' అనీ పిలిచేవారు. మన పిల్లలు ఊరి నుంచి బియ్యం మూట, ఊరగాయ జాడీ పట్టుకుని పట్నం పోయిన రోజులు మీ ఇంటి పెద్దలను అడగండి. ఆ పిండి పెట్టెకూ మన బియ్యం మూటకూ తేడా ఏముంది?

అలాంటి పిల్లల నడుమ మార్షల్ కాలేజీలో చదివినవారు విలియం మిల్లర్. స్కాట్లండు ఉత్తరపు కొసన కేత్‌నెస్ సీమలో, థర్సో అనే ఊళ్లో 1838లో పుట్టారు. అబెర్డీన్‌లో చదివి, ఎడిన్‌బరోలో వేదాంతశాస్త్రం ముగించి, 1862లో మద్రాసుకు వచ్చారు. 1837లో జాన్ ఆండర్సన్ ఆర్మేనియన్ వీధిలో అద్దె ఇంట్లో నడిపిన చిన్న బడి అప్పటికి ఇబ్బందుల్లో ఉంది. మిల్లర్ దాన్ని కాలేజీగా పెంచారు. 1877లో దానికి మద్రాసు క్రైస్తవ కళాశాల అని పేరు వచ్చింది.

మిషనరీలు మన దేశానికి వచ్చింది మతప్రచారానికే. కానీ మిల్లర్, ఎంతమంది మతం మారారు అన్న లెక్క కన్నా, చదువు మనిషిలో తెచ్చే మార్పే ముఖ్యమని వాదించారు. ఆ వాదనకు సొంత దేశంలోనే విమర్శలు ఎదుర్కొన్నారు. సొంత ఆస్తిలో చాలా భాగం కాలేజీకే ఖర్చు పెట్టారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల కోసం హాస్టళ్లు ఏర్పరచారు. వాటిలో ఒకదానికి తన సీమ పేరే పెట్టుకున్నారు, కేత్‌నెస్ హాల్ అని. పిండి పెట్టెతో అద్దె గదుల్లో తంటాలు పడిన పిల్లల ఊరి నుంచి వచ్చిన మనిషికి, చదువుకు గది ఎంత అవసరమో ఒకరు చెప్పాలా?

ఆ కాలేజీకి మన తిరుత్తణి నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. 1888 సెప్టెంబరు 5న, అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లాలో, తెలుగు మాట్లాడే బీద కుటుంబంలో పుట్టాడు. తండ్రి వీరాస్వామి జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. పిల్లవాడు తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివాడు. వేలూరు వూరీస్ కాలేజీలో చదివాడు. అంతటా విద్యార్థి వేతనాలే దిక్కు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా డబ్బే. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారు. పుస్తకాల ఖర్చు లేదు, కాబట్టి అదే చదువు!

ఆ కుర్రవాడే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన అక్కడ చదివింది మిల్లర్ ప్రిన్సిపాల్‌గా ఉన్న చివరి ఏళ్లలో. మిల్లర్ 1907లో స్వదేశం వెళ్లిపోయారు. ఆ కాలేజీలో హిందూ ధర్మం మీద విమర్శలు వినబడేవి. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మాట ఈ యువకుడి మనసును కలచివేసింది. దానికి జవాబుగానే 1908లో వేదాంత నీతి గురించి ఎం.ఎ. వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఎవరనుకుంటున్నారు? తత్త్వశాస్త్రం బోధించిన స్కాటిష్ ఆచార్యులు ఎ.జి. హాగ్. తమ మతాన్ని ప్రచారం చేయడానికి వచ్చిన గురువు, తమకు ఎదురు జవాబు రాసిన శిష్యుడిని మెచ్చుకున్నారు. గురువంటే అట్లా ఉండాలి. ఆ శిష్యుడు 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకుడై, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరై, ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, 1962లో రాష్ట్రపతి అయ్యారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. సరిహద్దు గీత ఎటు జరిగినా, ఆ బిడ్డ మనవాడే.

శ్రోతలారా, ఈ కథలో నాకు కనిపించినవి మూడు. వేతనం ఇచ్చిన చేయి, తలదాచుకునే గది, ఎదురు ప్రశ్నను సహించే గురువు. అబెర్డీన్‌లోనైనా, మద్రాసులోనైనా బీదవాడి చదువు ఈ మూడింటి మీదే నిలబడింది. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా రాధాకృష్ణన్ తిరుత్తణిలోనే గుమాస్తాగా మిగిలిపోయేవారేమో!

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. నేటి అబెర్డీన్‌లో పిండి పెట్టెలు లేవు. హాస్టళ్లు ఉన్నాయి, ఆడపిల్లలకు 1892లోనే తలుపు తెరుచుకుంది. 1970ల నుంచి సముద్రపు చమురు వల్ల ఊరికి సంపద వచ్చింది. అక్కడి పిల్లలకు మొదటి డిగ్రీ ఫీజు స్కాట్లండు ప్రభుత్వమే కడుతుంది. మన పిల్లలు మాత్రం పూర్తి ఫీజు కట్టుకోవాలి. ఒకప్పుడు బీదవాడికి డబ్బిచ్చి పిలిచిన ఊరు, నేడు మన బీదవాడి దగ్గర డబ్బు తీసుకుంటోంది. చదువుకునే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయడానికి విద్యార్థి వీసా ఒప్పుకోదు. ఆ సంపాదనతో అప్పు తీరుతుందని లెక్క వేయకండి.

అందుకే అతనితో ఇట్లా చెప్పాను: "పొలం పత్రాలు బయటికి తీయకముందు మూడు మాటలు అడగండి. వేతనం ఎంత ఇస్తారు? గది అద్దె నెలకెంత? అక్కడ మావాడికి పాఠం చెప్పేదెవరు, వాళ్లు ఏం పని చేసినవాళ్లు? జవాబు కాగితం మీద వచ్చాకే కుదవ మాట." అతను కాసేపు ఆలోచించి, "అడగొచ్చా సార్? తప్పనుకోరా?" అన్నాడు. తప్పేమీ కాదు. నాలుగైదు వందల ఏళ్లుగా బీద పిల్లలు ఆ ఊరిని అడుగుతూ వచ్చిన మాటే అది.

ఇక మనం అడుక్కోవలసిన మాట ఒకటుంది. మన లోకల్ బండిలో చదువుకు పోయి, ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక పిల్లవాడి సీజన్ టికెట్టు, ఒక పిల్ల హాస్టలు ఖర్చు భరిస్తే చాలు. చదివేసిన పుస్తకాలు బీరువాలో చెదలకు వదలకుండా, పక్కింటి పిల్లలకు ఇవ్వండి. అట్లా చేతులు మారిన పుస్తకాలతోనే ఒక తిరుత్తణి కుర్రవాడు తత్త్వవేత్త అయ్యాడు.

సెలవు.