శీర్షిక కంటికా, చెవికా?

దినపత్రిక చేతికందిన పిదప మన మెవ్వరమును మొదటి అక్షరము నుండి తుదివరకు వరుసగా చదువము. శీర్షికలపై చూపు సారించి, కావలసిన వార్త వద్ద ఆగుదుము. చూపు లేనివారికి ఈ సౌకర్యము ఎట్లు కలుగును? వెబ్ పుటల చరిత్రలో దీనికి సమాధానము తొలినాడే కలదు. నడుమ కొంతకాలము పలువురు దానిని మరచిరి.

జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1991 నాటికి వెబ్ పుటల వ్రాతకు కొన్ని గుర్తులను ఏర్పరచెను. అందు శీర్షికలకు ఆరు స్థాయిలు కలవు. మొదటిది గ్రంథనామము వంటిది, రెండవది అధ్యాయము, మూడవది అందలి ప్రకరణము. ఆ అంకె తెలుపునది అక్షరముల పరిమాణము కాదు, విషయముల క్రమము.

అనతికాలములోనే అలంకారముపై మోజు పెరిగెను. కొందరు గుర్తు పెట్టకయే అక్షరములను లావు చేసి శీర్షికవలె కనబరచిరి. మరికొందరు అక్షరములు పెద్దవగునని సామాన్య వాక్యమునకు శీర్షిక గుర్తు తగిలించిరి. కంటికి అన్నియు ఒక్కటే, చెవికి కావు.

తెరపై వ్రాతను బిగ్గరగా చదివి వినిపించు స్క్రీన్ రీడర్లు అంధులకు ఆధారము. చూపు కోల్పోయిన అమెరికా దేశీయుడు టెడ్ హెంటర్ స్థాపించిన సంస్థ 1989లో ‘జాస్’ను వెలువరించెను. 2006లో ఆస్ట్రేలియాలో, తానును అంధుడైన మైకేల్ కరన్ ‘ఎన్.వి.డి.ఏ.’ను ప్రారంభించెను, అది ఉచితముగా లభించును. నేడు వీనిలో హెచ్ మీట నొక్కిన తరువాతి శీర్షికకును, 2 అంకె నొక్కిన తరువాతి రెండవ స్థాయి శీర్షికకును చేరవచ్చును. లావు అక్షరము మాత్రము ఈ మీటలకు చిక్కదు. గుర్తు లేని శీర్షిక వారికి లేనట్లే. పుటనంతయు మొదటినుండి వినవలసినదే.

వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు.త్రీ.సి. సంస్థ 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. ప్రమాణమును వెలువరించి, అలంకారమునకు వేరు దారి చూపెను. శీర్షిక గుర్తులను రచనాక్రమము తెలుపుటకే వాడవలెనని 1999 మే నెలలో సూచించెను. శీర్షిక విషయమును స్పష్టముగా తెలుపవలెనని 2008 డిసెంబరు సూత్రములలో చేర్చెను.

శ్రోతకు మా ముఖము కనబడదు గనుక, రేడియోలో ప్రతి కార్యక్రమమును పేరు చెప్పియే ప్రారంభింతుము. మీ ఇంట ఎవరైనను పాఠశాలకో, సంఘమునకో వెబ్ పుట కూర్చుచున్నచో, శీర్షికలను మాత్రమే వరుసగా పైకి చదివించి వినుడు. విషయసూచికవలె అర్థమైనచో, తొలి పరీక్ష నెగ్గినట్లే. పిదప ఒక్కొక్క శీర్షికకు దాని స్థాయి గుర్తు ఉన్నదా యని చూచిన చాలును. ఆ పుట తలుపు చూపులేనివారికిని తెరచుకొనును.