గండిపడిన మంచుకట్ట

బడిలో నేను రెండు గాజుగ్లాసులలో నీరు పోయించి, ఒకదానిలో ఉప్పు బాగుగా కలిపించి, కోడిగ్రుడ్డు వేయించెడివాడను. నేను తాకను గనుక ఆ పని శిష్యునిది. మంచినీట గ్రుడ్డు మునుగును, ఉప్పునీట తేలును. ఉప్పునీరు బరువైనదనుటకు వేఱు సాక్ష్య మేల?

అట్లాంటిక్ మహాసముద్రమున ఉష్ణమండలపు ఉప్పునీరు ఉత్తరమునకు ప్రవహించి, గ్రీన్లాండు చేరువ చల్లబడి, బరువెక్కి అడుగునకు దిగి, లోతున దక్షిణమునకు మరలును. ఐరోపాకు వేడిమిని మోసికొనిపోవునది ఈ ప్రవాహమే.

సుమారు 8,200 సంవత్సరముల క్రిందట ఉత్తర అమెరికాలో, హిమయుగశేషమైన మంచుదిబ్బ అగాసీ యను మహాసరస్సునకు కట్టగా నుండెను. ఆ కట్ట తెగినది. మన చెఱువు గండిపడిన ఆయకట్టు మునుగును. ఆ మంచినీరు హడ్సన్ అఖాతము గుండ సముద్రముపై బడి ఉప్పును పలుచన చేసెను. చల్లబడినను నీరు మునుగదయ్యెను. ప్రవాహము మందగించెను. గ్రీన్లాండున వేడిమి సుమారు 3 డిగ్రీలు తగ్గెను. ఆ చలి దాదాపు 160 ఏండ్లు, అనగా ఐదాఱు తరములు నిలిచెను. అచ్చటి మంచుపొరలనుండి తీసిన కడ్డీలే ఈ లెక్కకు ఆధారము. ఆ కాలముననే ఆసియా ఋతుపవనములును క్షీణించెనని ఓమాను, చీనా గుహలలోని సున్నపురాతి పొరలు తెలుపుచున్నవి.

గ్రీన్లాండు మంచు నేడును కరుగుచున్నది. 2004 మొదలు అట్లాంటికున, అడుగున లంగరు వేసిన త్రాళ్లకు పరికరములు కట్టి, పండితులు ఆ ప్రవాహమును కొలుచుచున్నారు.