కావలి రుసుము నుంచి బడి కాపలా దాకా

బడి పిల్లల రక్షణకు ఆయుధం పట్టిన మనిషిని పెట్టాలా, అతని శిక్షణకూ జీతానికీ ప్రజల సొమ్ము వెచ్చించాలా అన్న చర్చ అమెరికాలో ఏళ్లుగా సాగుతోంది. అక్కడి బడుల్లో తెలుగు పిల్లలు ఎందరో చదువుతున్నారు, కాబట్టి అది మనకు పరాయి సంగతి కాదు. సాయుధ కాపలాకు ఊరు సొమ్ము కట్టడమంటే ఏమిటో అవుకు, నంద్యాల, ఆళ్లగడ్డ సీమకు తరతరాల అనుభవం కూడా ఉంది. ఆ అనుభవాన్ని వరసగా చూస్తే, కాపలా ఊరికి మేలు చేసిందా కీడు చేసిందా అన్నది ప్రతిసారీ ఒకే ప్రశ్న దగ్గర తేలింది: తప్పు జరిగితే కాపలావాణ్ని ఎవరు నిలదీయగలరు?

పాత కావలి పద్ధతిలో ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. ఊళ్లో దొంగతనం జరిగితే తలారి అడుగుజాడలు పట్టి పొలిమేర దాకా వెళ్లేవాడు. జాడ పక్క ఊళ్లోకి పోతే బాధ్యత అక్కడి తలారి మీద పడేది. సొమ్ము పట్టివ్వలేకపోతే కావలిదారే నష్టం కట్టుకోవాలి. రైతులు కావలి రుసుము చెల్లించింది ఈ పూచీ చూసుకునే. అయితే విజయనగరం బలం తగ్గాక కావలి హక్కు కోటలూ బంట్లూ ఉన్న పాలెగాళ్ల చేతుల్లోకి వెళ్లింది. వాళ్లను నష్టపరిహారం అడిగే ధైర్యం ఏ రెడ్డికి, ఏ కరణానికి ఉంటుంది? రుసుము వసూలు మాత్రం ఆగలేదు, పూచీ మాయమైంది. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసేనాటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద దాదాపు 30,000 మంది సాయుధ బంట్లు ఉన్నారని కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో లెక్కగట్టాడు. అతను సైన్యాన్ని దింపి వాళ్లను అణచి, పలువురికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు.

కానీ కింది కాపలావాళ్ల గతి ఏమిటో కంపెనీ సరిగా ఆలోచించలేదు. ఊళ్లనూ దారులనూ కాచినందుకు ఈనాం భూములు అనుభవించిన కట్టుబడి బంట్ల నుంచి ఆ భూములు క్రమంగా జారిపోయాయి. పాలెగాళ్ల వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు అందిన పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలన్నది అందరికీ తెలిసిన కథే. 1846లో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు వెనక నడిచినవాళ్లలో బతుకుతెరువు పోగొట్టుకున్న ఈ కట్టుబడులు ఎక్కువ. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా అలాగే ఉంచారు. ఆ క్రౌర్యాన్ని క్షమించలేం. పాలన దృష్టితో చూసినా, ఆయుధం అలవాటైన మనిషికి జీతం ఆపేస్తే ఆ ఆయుధం ఎక్కడికీ పోదని కంపెనీ గ్రహించలేకపోయింది. 1859 పోలీసు చట్టంతో మద్రాసు రాజధానిలో జీతం, ఆజ్ఞ, శిక్ష ఒకే వ్యవస్థ కిందికి వచ్చాయి. ఆ పోలీసులు ప్రజల కన్నా పాలకులకే జవాబుదారీగా ఉన్నారు. అయినా ఎవరి ఆజ్ఞతో తుపాకీ లేచిందో కాగితం మీద మిగిలే ఏర్పాటు అప్పటికి మొదలైంది. తర్వాతి కాలంలో ఫ్యాక్షన్ నాయకుల అనుచరుల చేతుల్లో బాంబులూ వేటకొడవళ్లూ ఆడినప్పుడు ఊళ్లకు దొరకనిది ఆ ఏర్పాటే.

స్వతంత్ర భారతంలోనూ, నిలదీసే ఏర్పాటు లేకుండా ఆయుధం అప్పగించే పొరపాటు జరిగింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులను ఎదుర్కోవడానికి ఐదో తరగతి దాకా చదివిన గిరిజన యువకులను కూడా ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతికి తుపాకీ. 2011 జులై 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ దీన్ని రాజ్యాంగ విరుద్ధమన్నారు. బడుల్లో మకాం వేసిన భద్రతా దళాలు ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా ఈ కేసులోనే. చౌకగా శిక్షణ ఇచ్చి ఆయుధం అప్పగించడం ఆ యువకులకూ అన్యాయమేనన్న ఆ తీర్పును బడి కాపలా గురించి ఆలోచించే ప్రతివాళ్లూ చదవాలి.

బడి కాపలాకు ఆయుధం వద్దనే వాదనకు బలమైన అభ్యంతరం ఉంది. 2014 డిసెంబరు 16న పాకిస్తాన్‌లోని పెషావర్ సైనిక పాఠశాలలో ఉగ్రవాదులు 130 మందికి పైగా పిల్లలను చంపారు. అలాంటి ఘడియలో పోలీసులు వచ్చేదాకా ఎదురుచూడమంటారా అని తల్లిదండ్రులు అడిగితే ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆయుధం దగ్గరే ఉన్న చోట ఏం జరిగిందో కూడా చూడాలి. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడికి సాయుధ షెరీఫ్ డిప్యూటీ ఉన్నా అతను లోపలికి వెళ్లలేదు; 17 మంది చనిపోయారు. ఆ వెంటనే ఆ రాష్ట్రం బడి సిబ్బందికే సాయుధ శిక్షణ ఇచ్చే పథకానికి 6 కోట్ల 70 లక్షల డాలర్లు కేటాయించింది. 2022లో టెక్సస్‌లోని యువాల్డీ బడికి 376 మంది అధికారులు వచ్చి కూడా 77 నిమిషాలు ఆగారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మరుసటి ఏడాది టెక్సస్ ప్రతి ప్రభుత్వ బడికీ సాయుధ కాపలా తప్పనిసరి చేస్తూ బడికి 15,000 డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు చాలదని అక్కడి బడి బోర్డులే మొరపెట్టుకున్నాయి. చుట్టూ తుపాకులు సులువుగా దొరికే సమాజం, బడి గుమ్మంలో ఇంకో తుపాకీ పెట్టి పిల్లల్ని కాపాడుకోలేకపోతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన పిల్లలకు ముప్పు ఎటునుంచి వస్తోంది? 2014 జులైలో మెదక్ జిల్లా మాసాయిపేటలో బడి బస్సును రైలు ఢీకొట్టి పదిహేను మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడ లేనిది ఒక గేటు, ఒక గేటుమన్. తర్వాత రైల్వే ప్రజల డబ్బు వెచ్చించి 2019 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులన్నీ తీసేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,388 ఉన్నత పాఠశాలలకు రాత్రి కావలివాళ్లను పెట్టాలని నిర్ణయించి, నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం ఖరారు చేసింది. ఆలోచన సరైనది, మొత్తం సిగ్గుపడాల్సినంత తక్కువ. రోజుకు 200 రూపాయలిచ్చి రాత్రంతా మేలుకోమనడం కావలి కాదు. అవుకు నుంచి ఆళ్లగడ్డ దాకా బడి యాజమాన్య కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు అడగాల్సింది ఇది: కావలివాడికి కనీస వేతనం, గేటున్న ప్రహరీ, వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం. ఆ పుస్తకాన్ని నెలనెలా కమిటీయే తెరిచి చూడాలి.