మెడ నొప్పికి 'టక్' మనిపించుకుంటున్నారా? పశ్చిమ ప్రకాశం వాసులు ముందుగా ఈ 3 పరీక్షలు చేసుకోండి!

మెడ పట్టేసిందా? తల వెనక మొదలైన నొప్పి కణతల దాకా పాకుతోందా? ఫోన్ తెరిస్తే చాలు.. పేషెంట్ మెడను ఒక్కసారిగా తిప్పి 'టక్' మనిపించే కైరోప్రాక్టిక్ వీడియోలు వరుసగా వచ్చేస్తున్నాయి. అవి చూసి సెలూన్‌లో తల మసాజ్ అయ్యాక మెడ మెటికలు విరిపించుకునేవాళ్లూ ఉన్నారు. కానీ మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి వైపు వాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ మెడ బిగుసుకుపోవడానికి ఫోన్ ఒక్కటే కారణం కాదు.. తాగే నీళ్లు కూడా కావచ్చు. ఫ్లోరైడ్‌తో బిగిసిన మెడను బలంగా తిప్పితే వెన్నుపాముకే ప్రమాదం.

కైరోప్రాక్టిక్ అంటే ఏంటి?

చేతులతో వెన్నెముక, కీళ్ల మీద ఒత్తిడి పెట్టి చేసే చికిత్స ఇది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డీడీ పామర్ అనే వ్యక్తి మొదలుపెట్టాడు. 'చేత్తో చేసేది' అనే అర్థమొచ్చే గ్రీకు మాటల నుంచి ఆ పేరు పుట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్తిస్థాయి కైరోప్రాక్టర్ కావాలంటే కనీసం 4,200 గంటల శిక్షణ, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో పేషెంట్లను చూసిన అనుభవం ఉండాలని చెప్పింది. మన దేశంలో డాక్టర్లకు ఉన్నట్టు కైరోప్రాక్టర్లకు ప్రత్యేక కౌన్సిల్ లేదు. అందుకే బోర్డు చూసి నమ్మకుండా ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని అడగాలి. ఫిజియోథెరపీ మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వస్తుంది.

ఆ 'టక్' శబ్దం ఎముకదేనా?

కాదు. పక్కకు జరిగిన ఎముక తిరిగి చోటులోకి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. కీలు ఒక్కసారిగా సాగినప్పుడు అందులో వాయువు బుడగ ఏర్పడి ఆ శబ్దం వస్తుంది. వేళ్ల మెటికలు విరిచినప్పుడు జరిగేదీ ఇదే. శబ్దం వచ్చిందంటే జబ్బు తగ్గిందని కాదు.

మామూలు మెడ నొప్పికి ఈ చికిత్స కొన్నాళ్లపాటు ఉపశమనం ఇవ్వొచ్చు. వ్యాయామం కూడా తోడైతే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మెడ కీళ్ల వల్ల వచ్చే తలనొప్పికీ కొంత ఉపయోగం కనిపిస్తుంది. మైగ్రేన్ విషయంలో మాత్రం ఆధారాలు బలంగా లేవు.

మన దగ్గర మెడ నొప్పులు ఎందుకు?

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందుకు వంగేకొద్దీ మెడ మీద భారం పెరుగుతుంది. 60 డిగ్రీలు వంచితే అది 27 కిలోల దాకా చేరుతుందని 2014లో ఓ కంప్యూటర్ నమూనా లెక్కగట్టింది. ఫోన్ చూసేవాళ్లకే కాదు.. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో తల వంచుకుని పనిచేసే కార్మికులకు, టైలర్లకు, మిర్చి, పత్తి ఏరే కూలీలకు, బిందెలు, కట్టెల మోపులు తలకెత్తుకునే ఆడవాళ్లకు కూడా ఇదే భారం. ఇలా వచ్చే నొప్పి చాలావరకు కండరాలదే. విశ్రాంతి, వ్యాయామంతో తగ్గుతుంది.

ఫ్లోరైడ్ మెడ వేరు!

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో తొలి నివేదికలు ఇచ్చిన వాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పేషెంట్లను. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలే 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు కూడా వచ్చి చేరాయి. పశ్చిమ ప్రకాశంలోని చాలా పల్లెల్లో బోరు నీళ్ల ఫ్లోరైడ్ సమస్య ఇప్పటికీ ఉంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకపోతే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అనుమతి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. ఎముక గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ పెళుసుబారుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా మారిపోతాయి. వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. మొదట్లో ఇది మామూలు మెడ నొప్పి, నడుం నొప్పిలాగే ఉంటుంది.. తేడా తెలియదు. అలాంటి మెడను ఒక్క కుదుపుతో తిప్పితే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇంట్లోనే 3 పరీక్షలు

ఫ్లోరోసిస్ అనుమానం ఉన్నవాళ్లను ఆరోగ్య సిబ్బంది ఈ మూడు పనులు చేయమంటారు. మీరూ చేసి చూడొచ్చు. బలవంతంగా మాత్రం వంగొద్దు.

1. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్లు అందుకోండి.
2. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి.
3. రెండు చేతులూ చాచి, మోచేతులు మడిచి తల వెనక పెట్టుకోండి.

వీటిలో ఏదైనా చేయలేకపోతే ఫ్లోరోసిసే అని కాదు. కానీ ఎముకల డాక్టర్‌కు చూపించుకునే దాకా మెడ తిప్పించుకోవద్దు. పళ్ల మీద చిన్నప్పటి నుంచి గోధుమరంగు మచ్చలు ఉంటే అదీ డాక్టర్‌తో చెప్పండి. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షతో విషయం తేలుతుంది. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, వాళ్లు రాస్తే ఒంగోలు రిమ్స్‌కు వెళ్లొచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ముప్పు ఉందా?

అరుదుగానే.. కానీ ఉంది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు ఉంటాయి. గట్టి కుదుపుకు వాటి లోపలి పొర చిరిగితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. 2024లో బళ్లారికి చెందిన 30 ఏళ్ల యువకుడు సెలూన్‌లో మెడ విరిపించుకున్నాక పక్షవాతం బారినపడ్డాడు. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతం వచ్చిందని అపోలో న్యూరాలజిస్ట్ డాక్టర్ సుధీర్ కుమార్ వెల్లడించారు.

ఎముకలు బోలుబారిన పెద్దవాళ్లు, కీళ్లవాతం, వెన్ను టీబీ, క్యాన్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఈమధ్య బైక్ మీంచి పడినవాళ్లు మెడ విరిపించుకునే ఆలోచనే పెట్టుకోవద్దు.

మరి నొప్పికి ఏం చేయాలి?

* గడ్డాన్ని నిటారుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఉంచండి. రోజుకు రెండుసార్లు, పదేసి చొప్పున.
* భుజాలు వెనక్కి నొక్కి వదలండి. ఇది కూడా పదిసార్లు.
* ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. కూర్చుని చేసే పనిలో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.
* ఎత్తు దిండు మానేయండి. మెడ కింద ఖాళీ లేకుండా ఉంటే చాలు.
* నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు.. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు ఆర్ఓ నీళ్లు వాడండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

చేతులు తిమ్మిరెక్కి వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం.. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట ముద్దయినా, మూతి వంకరపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పశ్చిమ ప్రకాశంలో మెడ నొప్పి వస్తే మొదట అడగాల్సింది 'ఎవరు బాగా తిప్పుతారు' అని కాదు.. 'ఈ మెడ ఎందుకు బిగిసింది' అని. దానికి జవాబు తెలిశాకే చికిత్స.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.