కోయిలకుంట్ల అప్పీలు

రాయలసీమ కథ అనగానే పాఠకుడు బాంబు కోసం ఎదురుచూస్తాడు. అనంతపురం కరువు పల్లెల్లో పెరిగిన నేను అలాంటి కథలు చాలా చదివాను. వేసినవాడుంటాడు, చచ్చినవాడుంటాడు, పగబట్టిన కొడుకుంటాడు. కాపలా కాయవలసిన సర్కారు మాత్రం కనబడదు. మా పొరుగు సీమ నుంచి వచ్చిన ఒక కోర్టు కేసులో ఆ సర్కారు బోనెక్కింది.

1977 మే నెలలో ఒక రాత్రి కర్నూలు జిల్లా (ఇప్పటి నంద్యాల జిల్లా) కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబు దాడి జరిగింది. రిమాండులో ఉన్న అవుకు వాసి చల్లా చిన్నపరెడ్డి చనిపోయాడు. ఆయనతోపాటు లోపలున్న కొడుకు రామకృష్ణారెడ్డి గాయపడ్డాడు. ప్రాణాలకు ముప్పుందని ముందే మొరపెట్టుకున్నా చాలినంత కాపలా పెట్టలేదు.

కుటుంబం పది లక్షల పరిహారానికి రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేసింది. నిర్లక్ష్యం జరిగిందని ఒప్పుకుంటూనే, గడువు దాటిందని కింది కోర్టు దావా కొట్టివేసింది. తప్పు నిజమే, తేదీ మాత్రం చెల్లదట! అప్పీలుకు వెళ్లారు. జైలు నడపడం సార్వభౌమాధికార విధి, అందులో పొరపాటుకు పరిహారం ఉండదన్నది ప్రభుత్వ వాదం.

ఈ వాదం మన రాజ్యాంగంలో పుట్టింది కాదు, కంపెనీ దొరల కాలపు ఆస్తి. కలకత్తాలో సర్కారు ఓడల కార్ఖానా పనివాళ్ల వల్ల ఒక నౌకా కంపెనీ గుర్రానికి దెబ్బ తగిలింది. పరిహారం ఇవ్వవలసిందేనని 1861లో కోర్టు చెప్పింది. రాజ్యాధికారం చెలాయించే పనులకైతే ఈ బాధ్యత వర్తించదన్న గీత కూడా అదే తీర్పులో గీసింది. స్వాధీనం చేసుకున్న బంగారాన్ని పోలీసే కాజేసి పారిపోయినా సర్కారుకు పూచీ లేదని 1964లో కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది ఆ గీతను పట్టుకునే. గుర్రానికి దొరికిన న్యాయం మనిషికి దొరకలేదు.

మన హైకోర్టు ఆ గీత దాటింది. గడువు దాటలేదనీ, 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు ముందు సార్వభౌమత్వం సాకు కాదనీ తేల్చి 1,44,000 రూపాయలకు డిక్రీ ఇచ్చింది. ఈసారి అప్పీలుకు వెళ్లింది ప్రభుత్వం. 2000లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడన్నది.

చచ్చినవాడు మంచివాడా, ముఠా నాయకుడా అని మన విమర్శకులు అడగవచ్చు. ఆ ప్రశ్న ఈ కేసుకు పనికిరాదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. నన్ను బాధపెట్టేది మరొకటి: ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగగలిగిన కుటుంబం కాబట్టి ఈ తీర్పు వచ్చింది. వేరుశనగ పంట ఎండి, కూలికి పోయి, ఏదో కేసులో లోపలికెళ్లిన వాడి తరఫున వకాలతు ఎవరు వేస్తారు? వాడి కథ కోర్టు రికార్డులోనూ లేదు, మన పత్రికల్లోనూ లేదు.