సగం రాయి దాచి ఉంటే!

ఇండోనేషియాలోని బోర్నియో అడవుల్లో, బుసాంగ్ అనే చోట 7.1 కోట్ల ఔన్సుల బంగారం ఉందని కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ ప్రకటించింది. అంటే దాదాపు 2,200 టన్నులు. కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్ల దాకా ఎగబాకింది. 1997 మార్చి ఆఖరి వారంలో షేరు కుప్పకూలింది. బుసాంగ్‌లో తవ్వి తీయదగ్గ బంగారమే లేదు.

మరి నమూనాలను పరీక్షించిన ల్యాబ్ అబద్ధం చెప్పిందా? లేదు. తన చేతికొచ్చిన నమూనాలో ఉన్నదే చెప్పింది. మోసమంతా రాయి ల్యాబ్‌కు చేరే దారిలో జరిగింది.

డ్రిల్లింగ్‌లో వచ్చిన రాతి కడ్డీని కోర్ అంటారు. దాన్ని వజ్రపు రంపంతో నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని పెట్టెలో భద్రపరచడం ఆనవాయితీ. రెండో సగం క్రషర్‌లో నలిగి, మెత్తగా 75 మైక్రాన్ల పొడి అవుతుంది. అందులోంచి 30 గ్రాములు తూచి, సీసపు ఆక్సైడ్, సోడా, బోరాక్స్ కలిపి కొలిమిలో సుమారు 1,000 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. బంగారం సీసంలోకి చేరుతుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో మళ్లీ కాలిస్తే సీసాన్ని గిన్నె పీల్చేసుకుంటుంది. చిన్న పూస మిగులుతుంది. అందులోని వెండిని నత్రికామ్లంతో తొలగిస్తే మిగిలేదే బంగారం.

టన్నుకు 2 గ్రాములున్న ఖనిజమైతే ఆ 30 గ్రాముల్లో దొరికేది 60 మైక్రోగ్రాములే. ఆవగింజ అడ్డుకొలతలో పదో వంతున్న బంగారు రేణువు అదనంగా ఒక్కటి పడినా టన్నుకు గ్రాము పెరిగినట్టే కనిపిస్తుంది. బుసాంగ్ నమూనాల సంచుల్లో కలిపింది ఇలాంటి రేణువులనే.

బ్రె-ఎక్స్ కోర్‌ను సగానికి కోయలేదు. గుర్తుకు చిన్న ముక్కలు ఉంచుకుని మిగతాదంతా పొడికి పంపింది. బంగారం ముతకగా, అక్కడక్కడా ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయి నలిపితేనే సరైన లెక్క తేలుతుందన్నది వాళ్లు చెప్పిన కారణం. శాస్త్రపరంగా తీసిపారేయలేని మాటే. కానీ దాంతో మళ్లీ పరీక్షించడానికి రాయి మిగల్లేదు.

భాగస్వామిగా రాబోయిన ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ పాత బోర్ల పక్కనే కొత్తగా డ్రిల్ చేయించింది. చెప్పుకోదగ్గ బంగారం పడలేదు. పాత నమూనాల్లోని రేణువులేమో నదిలో దొర్లి అంచులు అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి. మార్చి 19న కంపెనీ జియాలజిస్టు మైఖేల్ డి గుజ్మాన్ హెలికాప్టర్ నుంచి పడి చనిపోయాడు. మే నెలలో, స్వతంత్రంగా పరిశీలించిన స్ట్రాత్‌కోనా సంస్థ నివేదిక కల్తీని నిర్ధారించింది. కంపెనీ మరో అధికారి జాన్ ఫెల్డర్‌హాఫ్‌ను షేర్ల కేసులో 2007లో కోర్టు నిర్దోషిగా తేల్చింది.

ఇలాంటి మోసాలకు అడ్డుకట్టగా 2001లో కెనడా 43-101 నిబంధన తెచ్చింది. నమూనాను ఎలా తీశారు, ఎలా పొడి చేశారు, దాని భద్రత సంగతేమిటి అన్నవి గని కంపెనీలు నివేదికలో రాసి, అర్హత గల నిపుణుడి చేత సంతకం చేయించాలి. టన్నుకు ఎన్ని గ్రాములని అడిగేముందు, రాయి ఎవరి చేతులు మారి వచ్చిందో అడగాలని మదుపరులకు బుసాంగ్ నేర్పింది.